మిద్దె లేని ఇంటికీ ఎండలో వాటా కావాలి

మిద్దె మీద సోలార్ ప్లేట్లు పెట్టుకోవాలంటే ముందు మిద్దె ఉండాలి. అది సొంతదై ఉండాలి. దాని మీద పక్కింటి మేడ నీడ, కొబ్బరిచెట్టు నీడ పడకూడదు. ఇనుప ఫ్రేము బోల్టులకు అది తట్టుకోవాలి. కరెంటు సర్వీసు మన పేరు మీద ఉండాలి. ధర్మవరంలో నేనుండే వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి చూస్తే, ఇన్ని షరతులకూ నిలిచే ఇళ్ళు సగం కూడా తేలవు. మిగతావాటిలో కొన్ని మట్టి మిద్దెలు, కొన్ని బండ మిద్దెలు, కొన్ని సిమెంటు రేకుల ఇళ్ళు. స్లాబు ఇల్లయినా లోపల ఉండేది అద్దెకున్నవాళ్ళు.

నేను కరెంటు స్తంభాలెక్కి బతికినవాణ్ణి. లైన్‌మన్‌గా చేరి, లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాను. నా మిద్దె మీద 3 కిలోవాట్ల ప్లేట్లున్నాయి. అవంటే నాకు ప్రేమ. పొద్దున లేచి ఇన్వర్టర్ మీద పచ్చలైటు వెలిగిందా లేదా అని చూడనిదే నాకు టీ దిగదు. అనంతపురం వైపు ఎండకు కిలోవాటుకు రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి. 3 కిలోవాట్లంటే నెలకు 360 యూనిట్ల దగ్గర. పగలు మేం వాడగా మిగిలింది లైనులోకి పోతుంది. రాత్రి లైను నుంచి తెచ్చుకుంటాం. నెలాఖరున మీటరు ఆ రెంటి తేడా చెబుతుంది. ఇంతకంటే శుభ్రమైన ఏర్పాటు నా ఉద్యోగంలో నేను చూడలేదు. పొగ లేదు, చప్పుడు లేదు, పక్కింటివాళ్ళకు ఇబ్బంది లేదు. అందుకే ఇది ఇంకెంతమందికి అందుతుందో, ఎవరికి అందకుండా పోతుందో గట్టిగా అడగాలనిపిస్తోంది.

దానికన్నా ముందు, కొత్తగా పెట్టుకునేవాళ్ళు నన్ను అడిగే సంగతి ఒకటుంది. "ఊళ్ళో కరెంటు పోయినప్పుడు మాకు కూడా పోతోంది, ఎండ మండిపోతోంది కదా, ఇదేం మోసం?" అంటారు. మోసం కాదు. లైనుకు కలిపిన సోలార్ ఇన్వర్టర్, లైనులో కరెంటు లేకపోతే తనంతట తానే ఆగిపోవాలి. ఎందుకంటే ఆ సమయంలో ఏ స్తంభం మీదో ఒక మనిషి చేతులతో తీగ పట్టుకుని ఉంటాడు. కింద లైను తెంపే ఏబీ స్విచ్ దించి, లైను చచ్చిందని నమ్మి ఎక్కి ఉంటాడు. మన మిద్దె మీది కరెంటు వెనక్కి తన్ని ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెళ్తే అక్కడ అది 11 వేల వోల్టులవుతుంది. జనరేటర్లు అడ్డదిడ్డంగా కలుపుకున్న ఇళ్ళ వల్ల వెనక్కి వచ్చిన కరెంటుకు లైను మీద పనిచేసేవాళ్ళు ఎంత భయపడతారో నాకు తెలుసు. కాబట్టి ఇన్వర్టర్‌లో ఆ రక్షణ తీయించేయమని మెకానిక్‌ను ఎవరూ అడగొద్దు. కరెంటు పోయినా వెలగాలంటే బ్యాటరీతో కలిపిన హైబ్రిడ్ ఇన్వర్టర్ పెట్టుకోవచ్చు, ఖర్చు పెరుగుతుంది.

మరో మాట. మా దగ్గర మే నెలలో ప్లేట్లు బ్రహ్మాండంగా పనిచేస్తాయని అందరూ అనుకుంటారు. వాటికి కావాల్సింది వెలుతురు, వేడి కాదు. ప్లేటు 25 డిగ్రీలు దాటాక పెరిగే ప్రతి డిగ్రీకీ కరెంటు 0.4 శాతం చొప్పున తగ్గుతుంది. మిట్టమధ్యాహ్నం మా మిద్దె మీద ప్లేటు 65 డిగ్రీలకు కాగితే ఆరింట ఒక వంతు దాకా అక్కడే పోతుంది. అందుకే ఫ్రేము కాస్త ఎత్తు పెట్టి కింద గాలి ఆడనివ్వాలి. ఆ ఎత్తు ఉంటే కింద మిరపకాయలు ఎండబెట్టుకోవచ్చు, వేసవి రాత్రి మంచం వేసుకుని పడుకోవచ్చు. మిద్దె మిద్దెలాగే మిగులుతుంది. ప్లేట్లను తెల్లవారుజామున కడగాలి. కాలిన అద్దం మీద చల్లనీళ్ళు పోయకూడదు. మా బోరునీళ్ళు ఉప్పునీళ్ళు, తుడవకుండా వదిలేస్తే తెల్లటి మరక కట్టి వెలుతురును ఆపుతాయి.

ఇక అసలు సంగతి. మా వెనకింట్లో ఒక కుటుంబం అద్దెకుంటోంది. ఒకే గది, ఆ గదిలోనే గుంట మగ్గం. పట్టుచీర నేస్తారు. పగలు కూడా మగ్గం మీద లైటు కావాలి, లేకపోతే జరీ పోగు కనబడదు. ఒక లైటు, ఒక ఫ్యాను, టీవీ, ఒక చిన్న ఫ్రిజ్. నేను ప్లేట్లు కడుగుతుంటే ఆ ఇల్లాలు కింద నుంచి అడిగింది: "మామా, మీ మిద్దె మీద పడే ఎండే కదా మా ఇంటి మీదా పడేది. మాకూ ఒక ప్లేటు పెట్టుకునే దారి లేదా?" దానికి నేను, "ఇల్లుగలాయన పెట్టించాల కదమ్మా" అన్నాను. "ఆయన బెంగళూరులో ఉంటాడు మామా, బిల్లు కట్టేది మేం. ఆయనకేం పట్టింది?" అంది. ఆమె అన్నది నిజం. ఇంటి యజమాని లక్షలు పెట్టి ప్లేట్లు వేయించినా బిల్లు తగ్గేది అద్దెకున్నవాళ్ళకు. ఒకవేళ ఆమే పెట్టించుకుందామనుకున్నా, వచ్చే ఏడు ఇల్లు మారితే 27 కిలోల పైచిలుకు బరువున్న ప్లేట్లను నెత్తిన పెట్టుకుని పోలేదు.

2024 ఫిబ్రవరిలో కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం తెచ్చింది. 75,021 కోట్ల రూపాయలు, కోటి ఇళ్ళు లక్ష్యం. మొదటి 2 కిలోవాట్లకు కిలోవాటుకు 30 వేల చొప్పున, మూడోదానికి 18 వేలు, మొత్తం 78 వేల రూపాయల సబ్సిడీ. మంచి పథకం. నేను దాన్ని తప్పుపట్టడం లేదు. అదే ఏడాది కేంద్రం నిబంధనలు కూడా సడలించింది. 10 కిలోవాట్ల లోపు దరఖాస్తుకు సాంకేతిక పరిశీలన పేరుతో నెలలు తిప్పే అవసరం లేకుండా పోయింది. ఒకప్పుడు ఫైలు ఎన్ని బల్లలు తిరిగేదో తెలిసినవాడిగా ఇది చాలా పెద్ద మార్పని చెప్పగలను.

కానీ ఈ 78 వేలు ఎవరి ఇంటికి చేరుతున్నాయో ఆంధ్రప్రదేశ్ బిల్లు లెక్కలోనే కనిపిస్తుంది. ఇక్కడ ఇళ్ళకు మొదటి 30 యూనిట్ల ధర యూనిట్‌కు రూ.1.90. అక్కడ నుంచి 75 దాకా 3 రూపాయలు, 125 దాకా నాలుగున్నర, 225 దాకా 6, 400 దాకా రూ.8.75. నెలకు 350 యూనిట్లు కాల్చే ఇంటికి ఒక్క కరెంటు ధరే రూ.2,110 అవుతుంది, మిగతా చార్జీలు వేరు. ఆ ఇంటి మీద 3 కిలోవాట్లు పెడితే దాదాపు ఆ మొత్తం మిగులుతుంది. సబ్సిడీ పోగా చేతి నుంచి పెట్టిన లక్షా ఇరవై వేలో, ముప్పై వేలో ఐదేళ్ళలో తిరిగొస్తాయి. ఆ తర్వాత ఇరవై ఏళ్ళ పాటు ఎండంతా లాభమే. అదే నెలకు 100 యూనిట్లు వాడే మగ్గం ఇంటికి కరెంటు ధర రూ.305 మాత్రం. ఆ ఇంటికి మిద్దె ఉందనుకున్నా, ఒక్క కిలోవాటు పెట్టుకున్నా, పెట్టుబడి తిరిగిరావడానికి పదేళ్ళ దాకా పడుతుంది. అంటే ఏసీలున్న ఇంటికి సబ్సిడీ తొందరగా పండుతుంది, ఒంటి ఫ్యాను ఇంటికి పండదు.

దీనికి ఇంకో కొస ఉంది. ఆ 1.90 ధర ఎలా నిలబడుతోంది? పైన 8.75 కట్టేవాళ్ళ వల్ల, ప్రభుత్వమిచ్చే సబ్సిడీ వల్ల. పెద్ద బిల్లుల ఇళ్ళన్నీ ఒక్కొక్కటిగా మిద్దెలెక్కి ఎండలోకి జారుకుంటే, లైన్ల ఖర్చు, ట్రాన్స్‌ఫార్మర్ల ఖర్చు, రాత్రి పూట కొనే ఖరీదైన కరెంటు ఖర్చు మిగిలినవాళ్ళ మీద పడుతుంది. ఆ మిగిలినవాళ్ళలో మా వెనకింటి మగ్గం ఉంది. నాలాంటివాళ్ళు ప్లేట్లు పెట్టుకోవడం తప్పు అని నేననడం లేదు. మేం పెట్టుకోవాల్సిందే. మాతో పాటు ఆమెకూ దారి వేయకుండా మమ్మల్ని మాత్రమే ముందుకు తోస్తే అది అన్యాయమవుతుందని అంటున్నాను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకు 2 కిలోవాట్ల దాకా ఉచితంగా పెడతామనడం సరైన దిశ. కానీ ఏ పథకమైనా ఇంటి పైకప్పు దగ్గరే మొదలైతే రేకుల ఇంటి దగ్గర ఆగిపోతుంది.

ఇప్పుడు గాలి. సీమలో గాలికి కొదవ లేదు. ఆషాఢం వస్తే మా దగ్గర తలుపులు వాటంతట అవే కొట్టుకుంటాయి. అందుకే చాలామంది, "మిద్దె మీద చిన్న గాలిమర పెట్టుకుంటే రాత్రి కూడా కరెంటు వస్తుంది కదా" అని అడుగుతారు. 1 కిలోవాటు గాలిమర అని అమ్మేవాళ్ళున్నారు. దయచేసి కొనేముందు ఒక్క లెక్క చూడండి. గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది. వేగం సగమైతే ఎనిమిదో వంతుకు పడిపోతుంది. 2 మీటర్ల వెడల్పు తిరిగే రెక్కలకు సెకనుకు 4 మీటర్ల గాలి తగిలితే చేతికొచ్చేది 40 వాట్ల లోపు. దాంతో ఇంట్లో ఒక్క కొత్తరకం ఫ్యాను తిరుగుతుంది, అంతే. డబ్బా మీద రాసిన 1 కిలోవాటు రావాలంటే సెకనుకు 10, 11 మీటర్ల గాలి ఆగకుండా వీయాలి. ఊళ్ళో మిద్దెల మధ్య గాలి అలా వీయదు. వాటర్ ట్యాంకులకు, పిట్టగోడలకు కొట్టుకుని సుడులు తిరుగుతుంది. ఆ సుడుల్లో రెక్క సరిగా తిరగదు, బేరింగు అరిగిపోతుంది, ఆ అదురంతా గోడల్లోకి దిగుతుంది. ఊరి బయట, గట్టు మీద, స్తంభం ఎత్తుగా నిలిపే తోట ఇల్లయితే, సోలార్‌కు తోడుగా ఒకటి పెట్టుకోవచ్చు. ఊరి మధ్య ఇంటికి మాత్రం నేను వద్దనే చెబుతాను.

అంటే గాలి ఇంటికి పనికిరాదనా? పనికొస్తుంది, మిద్దె మీద నుంచి కాదు, కొండ మీద నుంచి. రామగిరి కొండల మీద 1990లలోనే గాలిమరలు నిలబెట్టారు. ఇప్పుడు ఉరవకొండ, బెళుగుప్ప, వజ్రకరూరు వైపు పోతే కనుచూపు మేర అవే. పెద్ద గాలిమర ఒకటి 2 మెగావాట్లుంటుంది, రెక్కల ఇరుసే వంద మీటర్ల ఎత్తున ఉంటుంది. ఏడాదంతా కలిపి దాని సామర్థ్యంలో పావు వంతు పనిచేసినా 40 లక్షల యూనిట్లకు పైగా ఇస్తుంది. నెలకు 100 యూనిట్లు వాడే ఇళ్ళు 3 వేలకు పైగా ఒక్క మర కింద వెలుగుతాయి. పైగా అది మబ్బు పట్టి సోలార్ తగ్గే జూన్, జులై, ఆగస్టు నెలల్లోనే బాగా తిరుగుతుంది. రాత్రి కూడా తిరుగుతుంది. ఎండ తగ్గిన చోట గాలి అందుకుంటుంది.

ఆ మరల కింద ఊళ్ళున్నాయి. మర నిలిచిన జాగాకు, దారికి ఎప్పుడో ఒకసారి డబ్బు ముట్టినవాళ్ళు కొందరున్నారు. కాపలా ఉద్యోగం దొరికినవాళ్ళు కొందరు. మరలో పుట్టిన కరెంటు మాత్రం వాళ్ళ నెత్తి మీద నుంచే పెద్ద లైన్లలో ఎక్కడికో పోతుంది. నంబులపూలకుంటలో ఎన్టీపీసీ 250 మెగావాట్ల సోలార్ కేంద్రం 2016 నుంచి నడుస్తోంది. కర్నూలు దగ్గర గని, శకునాల గ్రామాల్లో వెయ్యి మెగావాట్ల పార్కుంది. దేశానికి అవి కావాలి. నా బాధల్లా, ఇంత ఎండ, ఇంత గాలి ఇచ్చే నేల మీద ఉంటూ, సొంత మిద్దె లేదన్న ఒక్క కారణంతో ఒక ఇంటివాళ్ళు వాటికి బయటివాళ్ళయిపోవడం.

దీనికి దారి కనుక్కున్నవాళ్ళున్నారు. తమిళనాట కోయంబత్తూరు జిల్లాలో మేట్టుపాళయం దగ్గర ఓడందురై అనే పంచాయతీ ఉంది. 2006లో ఆ పంచాయతీ తన పొదుపుకు బ్యాంకు అప్పు కలిపి, కోటీ 55 లక్షలతో 350 కిలోవాట్ల గాలిమర కొన్నది. తమ ఊళ్ళో గాలి చాలదని ఉడుమలైపేట వైపు, గాలి బాగా వీచే చోట నిలబెట్టింది. వీధిదీపాలకు, మంచినీళ్ళ మోటార్లకు కావాల్సింది లెక్కలో సరిపెట్టుకుని, మిగిలింది విద్యుత్ బోర్డుకు అమ్మింది. మర ఒక చోట, వాడకం ఇంకో చోట, మధ్యలో ఉన్నది బోర్డు లైను, లెక్కల పుస్తకం. డెన్మార్క్‌లో కోపెన్‌హాగన్ తీరాన సముద్రంలో 2000లో 20 గాలిమరలు పెట్టారు. వాటిలో సగం 8 వేల మందికి పైగా ఉన్న ఒక సహకార సంఘానివి. ఆ సభ్యుల్లో మిద్దె లేని ఫ్లాట్ల వాళ్ళూ ఉంటారు. గుజరాత్‌లో ఖేడా జిల్లా ఢుండిలో రైతులు సంఘం కట్టి, సోలార్ పంపు సెట్ల నుంచి మిగిలిన కరెంటును 2016 నుంచి లైనుకు అమ్ముతున్నారు. అంటే సొంత కప్పు మీదే కరెంటు పుట్టాలన్న పట్టుదల ఎక్కడా అవసరం రాలేదు.

నేను అడిగేది ఇదే. ప్లేట్లు ఒక చోట, సర్వీసులు పలు చోట్ల ఉండేలా అందరికీ వాటా ఇవ్వండి. దీన్నే వర్చువల్ నెట్ మీటరింగ్ అంటారు. ఢిల్లీలో 2019లోనే దీనికి మార్గదర్శకాలొచ్చాయి. పీఎం సూర్యఘర్ మార్గదర్శకాల్లో కూడా ఇలా పెట్టిన ప్లేట్లకు సబ్సిడీ వర్తిస్తుందని రాసి ఉంది. మా వైపు మాత్రం అలాంటి సర్వీసు ఒక్కటీ నా కంట పడలేదు. ఎలా పనిచేస్తుందంటే, సబ్‌స్టేషన్ ఆవరణలోనో, మార్కెట్ యార్డు షెడ్డు మీదనో, బడి మిద్దె మీదనో 100 కిలోవాట్ల ప్లేట్లు పెడతారు. నేల మీదయితే అరెకరం చాలు. దానికొక మీటరు. నెలకు అందులో పుట్టిన 12 వేల యూనిట్లను ఆ చోటికి కరెంటు తెచ్చే లైను, అంటే ఫీడరు, కింద ఉన్న 100 సర్వీసుల బిల్లుల్లో తలా 120 చొప్పున తీసేస్తారు. అద్దెకున్నవాళ్ళు ఇల్లు మారితే వాటా కొత్త సర్వీసు నంబరుకు మారుతుంది. ప్లేటు కదలక్కర్లేదు. కరెంటు పుట్టిన చోటి పక్కనే వాడకం కాబట్టి లైనులో పోయేది కూడా తక్కువ.

డబ్బు లెక్క చెప్తాను. 100 కిలోవాట్లకు సుమారు అర కోటి. ఇంటికొక కిలోవాటు వాటా కాబట్టి తలా 30 వేల సబ్సిడీ వస్తే 30 లక్షలు అక్కడే తీరుతుంది. మిగిలేది ఇంటికి 20 వేలు. దాన్ని ఒక్కసారి అడిగితే మగ్గం ఇల్లు ఇవ్వలేదు. ఇప్పుడు కట్టే రూ.300 బిల్లే కట్టించుకుంటూ పోతే, వడ్డీ పక్కన పెడితే ఐదున్నరేళ్ళలో అసలు తీరిపోతుంది. తెలంగాణలో గృహజ్యోతి కింద 2024 నుంచి 200 యూనిట్ల లోపు వాడే ఇళ్ళకు బిల్లు ప్రభుత్వమే కడుతోంది. అది ప్రతి నెలా, ప్రతి ఏడూ కట్టాల్సిన డబ్బు. అందులో కొంత తీసి ఇలాంటి వాటాల మీద ఒక్కసారి పెడితే, ప్లేట్లు పాతికేళ్ళు ఆ బిల్లు మోస్తాయి.

దీనికి అడ్డుచెప్పేవాళ్ళు చెప్పే మాటలు నాకు తెలుసు, కొన్నిటిలో నిజముంది కూడా. పంచాయతీ చేతికిస్తే ప్లేట్లు దుమ్ముపట్టి పోతాయంటారు. పోతాయి, కడిగేవాడికి జీతం లేకపోతే. అందుకే కట్టిన రోజునే నిర్వహణకు మనిషినీ, డబ్బునూ రాసిపెట్టాలి. పదేళ్ళకో, పన్నెండేళ్ళకో ఇన్వర్టర్ మార్చాల్సి వస్తుంది, దానికి నెల నెలా పక్కన పెట్టాలి. పగలంతా మీరు లైనులో పోసి, రాత్రి తీసుకుంటే మేమెక్కడ నుంచి తేవాలి అని విద్యుత్ సంస్థలు అంటాయి. ఇది అసలైన ప్రశ్న. దీనికి జవాబే కొండ మీది గాలిమర. పంచాయతీలు కొన్ని కలిసి పెద్ద మరలో వాటా కొంటే, ఎండ యూనిట్లకు గాలి యూనిట్లు తోడై రాత్రి భారం తగ్గుతుంది. దాంతో పాటు మనమూ కొంత మారాలి. మోటారు, వాషింగ్ మెషిన్, గ్రైండరు పగలు తిప్పుకోవాలి. మా ఇంట్లో సంపు నింపేది పదకొండుకు, పిండి రుబ్బేది పన్నెండుకు. వాటా ఉన్న ప్రతి ఇల్లూ ఇలా చేస్తే సాయంత్రం ఆరు తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ మీద పడే బరువు తగ్గుతుంది. ఆ బరువుకు ఫ్యూజులు ఎలా పోతాయో, చీకట్లో వాటిని కట్టడానికి ఎవరు పోవాలో చెప్పనక్కర్లేదు.

ఎవరికి వాటా ఇవ్వాలన్న దగ్గర రాజకీయం దూరుతుందని ఇంకొందరి భయం. దూరకుండా చేయొచ్చు. నెలకు 125 యూనిట్ల లోపు వాడే సర్వీసులు, అందులో అద్దె ఇళ్ళు, రేకుల ఇళ్ళు, మట్టి మిద్దెలు ముందు. ఎవరి సిఫార్సూ అక్కర్లేదు, ఏడాది బిల్లులు తీస్తే చాలు. ఏ సర్వీసు ఏ ఫీడరు కింద ఉందో, ఏ నెల ఎన్ని యూనిట్లు కాల్చిందో ప్రతి సెక్షన్ ఆఫీసులో కంప్యూటర్లో ఉంది. వచ్చే గ్రామసభలో, వార్డు సభలో మూడే మూడు సంగతులు అడగండి: మన ఫీడరు కింద ఇలాంటి ఇళ్ళు ఎన్ని, అరెకరం జాగా ఎక్కడుంది, దరఖాస్తు ఎవరి పేరు మీద పెట్టాలి. మా వార్డులో ఆ దరఖాస్తు నేను రాసి సిద్ధం చేశాను. మొదటి సర్వీసు నంబరు మా వెనకింటి మగ్గానిది.